ప్రార్థన అయ్యాక వినిపించే మాట

సికింద్రాబాద్‌లో మా చర్చి కుర్రాళ్లు ఆదివారం రెండో ఆరాధన అయిపోగానే రైల్వే క్వార్టర్ల వెనకున్న గ్రౌండ్‌కి పరుగెడతారు. గోల్ పోస్టులకు వల ఉండదు. ఒక మూల ఎప్పుడూ బురదే. నేనూ ఏళ్లుగా వెళ్తున్నాను. ఇప్పుడు ఆడేది తక్కువ, విజిల్ ఊదేది ఎక్కువ. ఆట మొదలయ్యే ముందు అందరూ గుండ్రంగా నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ప్రార్థన చేస్తారు. దెబ్బలు తగలకూడదని, కోపాలు రాకూడదని, ఆటలో కూడా నీ నామానికే మహిమ రావాలని. ఆమెన్.

2024 డిసెంబర్‌లో అలా ఆమెన్ అన్నాక ఒక ఇంటర్ కుర్రాడు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, గ్వేహి చేసింది కరెక్టేనా?"

మార్క్ గ్వేహి అప్పుడు ఇంగ్లండ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ జట్టుకు కెప్టెన్. తండ్రి పాస్టర్. గే ఆటగాళ్లకు, అభిమానులకు అండగా ఉన్నామని చెప్పడానికి ప్రీమియర్ లీగ్‌లో ప్రతి ఏటా కొన్ని మ్యాచ్‌లకు కెప్టెన్లు ఇంద్రధనుస్సు రంగుల పట్టీ చేతికి కట్టుకునేవాళ్లు. గ్వేహి పట్టీ కట్టుకున్నాడు, కానీ దాని మీద పెన్నుతో 'ఐ లవ్ జీసస్' అని రాసుకున్నాడు. దుస్తుల మీద మతపరమైన మాటలు రాయకూడదన్న నియమాన్ని ఫుట్‌బాల్ సంఘం గుర్తు చేసింది. తర్వాతి మ్యాచ్‌లో 'జీసస్ లవ్స్ యూ' అని రాసుకొచ్చాడు. సంఘం చర్య తీసుకోకుండా వదిలేసింది. అదే వారం ఇప్స్‌విచ్ కెప్టెన్ సామ్ మోర్సీ, అతను ముస్లిం, మత విశ్వాసం వల్ల ఆ పట్టీ అసలు కట్టుకోనేలేదు.

ఆ కుర్రాడికి ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "ఆట మొదలుపెట్టండిరా" అని విజిల్ ఊదాను. అడిగింది ఒకే ప్రశ్నలా కనిపించినా అందులో మూడు నాలుగు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. వాటిని విడదీయకుండా అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. అప్పటినుంచి ఆ చిక్కు నా మనసులోనే ఉంది.

ముందు ఒక మాట. మన పేపర్లు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. మనిషిని పడకగదితో గుర్తించే మాట అది. ఇక్కడ గే అనే రాస్తాను, కుర్రాళ్లు అనేదీ అదే.

వాక్యంలో ఏముంది

క్రైస్తవ ఆటగాళ్లు గే ఆటగాళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా ఎక్కువగా తీసేది ఒకే వాక్యం, మొదటి కొరింథీయులు ఆరో అధ్యాయం, 9, 10 వచనాలు. ఆస్ట్రేలియా రగ్బీ స్టార్ ఇజ్రాయెల్ ఫొలావ్ 2019 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టుకు మూలం అదే. తాగుబోతులు, స్వలింగ సంబంధాలున్నవాళ్లు, వ్యభిచారులు, అబద్ధికులు, దొంగలు, విగ్రహారాధకులు అందరికీ నరకం కాచుకుని ఉంది, మారుమనస్సు పొందండి అన్నది దాని సారం. రగ్బీ ఆస్ట్రేలియా మే నెలలో అతని కాంట్రాక్టు రద్దు చేసింది. కేసు నడిచి, డిసెంబర్‌లో రాజీ అయింది. జట్టులోని పసిఫిక్ దీవుల కుర్రాళ్లలో చాలామంది చర్చిలో పెరిగినవాళ్లే. వాళ్లలో ఒకడైన టానియేలా టూపూ, అలాగైతే నన్నూ మిగతా దీవులవాళ్లనీ కూడా తీసెయ్యండి అని బాహాటంగా రాశాడు. ఇదే ఫొలావ్ 2014లో సిడ్నీలో జరిగిన గే రగ్బీ జట్ల టోర్నమెంట్ బింగ్‌హామ్ కప్‌కు ప్రచారం చేసినవాడు. మనుషుల్ని ఒక్క పోస్టుతో కొలవలేమని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను.

ఆ వచనాన్ని మన తెలుగు బైబిల్లో చదివి చూడండి. జారులు, విగ్రహారాధకులు, వ్యభిచారులు, 'ఆడంగితనముగలవారు', 'పురుష సంయోగులు', దొంగలు, లోభులు, త్రాగుబోతులు, దూషకులు, దోచుకొనువారు. వీళ్లెవరూ దేవుని రాజ్యానికి వారసులు కానేరరు అంటాడు పౌలు. గ్రీకులో మధ్యనున్న ఆ రెండు మాటల మీదే పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మొదటిదానికి అక్షరాలా అర్థం 'మెత్తనివాళ్లు'. రెండోది పౌలుకు ముందు ఎక్కడా దొరకని మాట, లేవీయకాండం గ్రీకు అనువాదంలోని రెండు పదాలు కలిపి అతనే చేశాడని చాలామంది అంటారు. ఇద్దరు మనుషులు ఇష్టపడి కలిసి బతకడం గురించా, లేక అప్పటి రోము సమాజంలో యజమానులు బానిసల్నీ పిల్లల్నీ వాడుకోవడం గురించా అన్నది తగువు. సంప్రదాయ సంఘాలు మొదటిదే అంటాయి. కొన్ని సంఘాలు రెండోది అంటాయి. రోమన్ కాథలిక్ సభ బోధ మార్చలేదు గానీ, 2023 డిసెంబర్‌లో అలాంటి జంటలకు పెళ్లి తంతు కాకుండా ఫాదర్ ఆశీర్వాదం ఇవ్వవచ్చని చెప్పింది. మన ఊళ్లో పెంతెకోస్తు పాస్టర్లు దాదాపు అందరూ ఇది పాపమే అంటారు. నా పెంపకం కూడా అదే. కాబట్టి క్రైస్తవుడంటే ఇలాగే ఆలోచిస్తాడు అని ఎవరైనా అంటే, ఏ సంఘం క్రైస్తవుడు అని అడగాలి.

ఇంకో సంగతి. ఆ జాబితాలో లోభులున్నారు, దూషకులున్నారు, తాగుబోతులున్నారు. దూషకులు అంటే తిట్టేవాళ్లు. మా గ్రౌండ్‌లో తిట్టనివాడు ఎవడు? పైగా ఆ వెంటనే 11వ వచనంలో పౌలు సంఘంవైపు తిరిగి, మీలో కొందరు అట్టివారై యుంటిరి అంటాడు. అంటే రాసింది బయటివాళ్లను చూపించి వేలెత్తడానికి కాదు, లోపలివాళ్లకు తమ సంగతి గుర్తు చేయడానికి. ఈ వచనాన్ని ఎన్నో యూత్ మీటింగుల్లో విన్నాను. 10 దగ్గర ఆపిన ప్రసంగాలే ఎక్కువ.

బోధ వేరు, పక్కన నిలబడటం వేరు

ఒకడు ఇది పాపం అని నమ్మినంత మాత్రాన ఆ మనిషితో కలిసి ఆడడని కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గొడవ.

2015 మార్చిలో అమెరికా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ మెట్స్ శిక్షణ శిబిరానికి బిల్లీ బీన్ వచ్చాడు. అతను మాజీ ఆటగాడు, గే. ఆడినన్నాళ్లూ ఆ సంగతి దాచాడు. 1995లో తన భాగస్వామి చనిపోతే జట్టులో ఎవరికీ చెప్పుకోలేదు, అంత్యక్రియలకూ వెళ్లలేదు. ఆ తర్వాత ఆట వదిలేశాడు. అప్పటికి లీగ్ తరఫున జట్లన్నీ తిరిగి, ఇకమీదట ఎవరికీ అలా జరగకుండా మాట్లాడటం అతని ఉద్యోగం. మెట్స్ ఆటగాడు డేనియల్ మర్ఫీ గట్టి విశ్వాసి. విలేకరులు అడిగితే అతను దాచకుండా చెప్పాడు. బీన్ జీవితంలోని ఆ భాగాన్ని నేను ఒప్పుకోను, అంతమాత్రాన అతన్ని తెలుసుకోకుండా, పట్టించుకోకుండా ఉండను, నా గర్వంలాంటివి నేనూ క్రీస్తుకు అప్పగించాల్సినవి చాలా ఉన్నాయి అన్నాడు. దేశమంతా గొడవైంది. కొందరు అతన్ని ద్వేషి అన్నారు, కొందరు వీరుడన్నారు. బీన్ ఏమన్నాడంటే, నన్ను నేను పూర్తిగా ఒప్పుకోవడానికే నాకు 32 ఏళ్లు పట్టింది, ఇతరుల విషయంలో ఓపిక పట్టకపోతే అది వేషధారణ అవుతుంది. మర్ఫీ నిజాయితీగా మాట్లాడినందుకు మెచ్చుకున్నాడు కూడా. బీన్ 2024 ఆగస్టులో క్యాన్సర్‌తో చనిపోయాడు.

మర్ఫీ మాట నాకు పూర్తిగా నచ్చదు. ఎదుటివాడి ప్రేమను తన గర్వంతో పోల్చడం, వినేవాడికి గుచ్చుకుంటుంది. కానీ మా సంఘాల్లో పెరిగినవాణ్ణిగా ఆ వాక్యం వెనకున్న కష్టం నాకు తెలుసు. పాస్టర్ చెప్పింది వదలలేడు, ఎదురుగా నవ్వుతూ చెయ్యి కలిపిన మనిషినీ వదలలేడు. ఆ ఇరుకులోంచి మాట్లాడినవాడు పూర్తిగా సరైన మాట మాట్లాడటం అరుదు.

అంతకు రెండేళ్ల ముందు, 2013 ఏప్రిల్ 29న, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు జేసన్ కాలిన్స్ తాను గే అని పత్రికలో రాసినప్పుడు, క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్ వ్యాఖ్యాత క్రిస్ బ్రూసార్డ్ టీవీలో కుండబద్దలు కొట్టాడు. అది దేవుని మీద బాహాటమైన తిరుగుబాటు, అలా బతికేవాణ్ణి క్రైస్తవుడని అనలేను అన్నాడు. అదే కార్యక్రమంలో గే జర్నలిస్టు ఎల్.జెడ్. గ్రాండర్‌సన్ కూడా ఉన్నాడు. తామిద్దరం ఏళ్లుగా ఒకే జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్నామని అక్కడే చెప్పింది కూడా బ్రూసార్డే. రెండూ నిజమే, రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

2014లో మైఖేల్ సామ్ విషయంలో ఇంకోరకం చూశాం. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్న సామ్, ఆ ఆట పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికకు ముందే తాను గే అని చెప్పాడు. 249వ స్థానంలో సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది. విశ్వాసిగా ఎంతో గౌరవం ఉన్న మాజీ కోచ్ టోనీ డంజీ, నేనైతే అతన్ని తీసుకునేవాణ్ణి కాదు అన్నాడు. అవకాశం ఇవ్వకూడదని కాదట, దాంతోపాటు వచ్చే తలనొప్పి నాకొద్దు అని. కుక్కల పందేల కేసులో జైలుకెళ్లిన మైఖేల్ విక్‌ను జైలుకు వెళ్లి మరీ పలకరించి, మళ్లీ ఆటలోకి రావడానికి తోడుగా నిలిచింది కూడా ఇదే డంజీ. ఆ పని చూసి నేను ఆయన్ని ఎంతో మెచ్చుకున్నాను. అందుకే సామ్ గురించి అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంత తలనొప్పి ఒకడి కోసం భరించగలిగినవాడు ఇంకొకడి దగ్గర వద్దనుకున్నాడు. వాక్యం పేరెత్తకుండా పక్కకు తప్పుకోవడం ఇది. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. ఎవరూ తిట్టరు, టీమ్ లిస్టులో పేరు మాత్రం ఉండదు. సామ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఏడేళ్ల తర్వాత, 2021 జూన్‌లో, లాస్ వేగాస్ రైడర్స్ ఆటగాడు కార్ల్ నాసిబ్ ఇన్‌స్టాగ్రామ్‌లో తాను గే అని చెప్పాడు. ఆ జట్టు నాయకుడు డెరిక్ కార్, తన విశ్వాసం గురించి ప్రతి ఇంటర్వ్యూలో మాట్లాడేవాడు. దీన్ని జనం తగువు చేయాలని చూస్తారు, నేను మాత్రం నా జట్టువాళ్లంటే ప్రేమ అని ఎప్పుడూ అంటుంటాను, నిజంగానే అంటున్నాను అన్నాడు. సిద్ధాంతం మార్చుకున్నట్టు ఎక్కడా చెప్పలేదు. నాసిబ్ ఆ సీజన్ ఆడాడు.

జెర్సీ గొడవ

ఈ పదేళ్లలో పేపర్లకెక్కిన గొడవల్లో ఎక్కువ భాగం తోటి ఆటగాడి గురించి కాదు, గుడ్డ గురించి. 2022 జూన్‌లో టాంపా బే రేస్ బేస్‌బాల్ జట్టులో ఐదుగురు బౌలర్లు, వాళ్ల భాషలో పిచర్లు, ఇంద్రధనుస్సు గుర్తున్న టోపీ పెట్టుకోలేదు. 2023 జనవరిలో ఫిలడెల్ఫియా ఐస్ హాకీ ఆటగాడు ఇవాన్ ప్రొవరోవ్, నాది రష్యన్ ఆర్థొడాక్స్ విశ్వాసం అని చెప్పి, ఆ రంగుల జెర్సీ వేసుకోవాల్సిన వామప్‌కే రాలేదు. తర్వాత మరికొందరు అదే బాట పట్టారు. జూన్‌కల్లా ఆ లీగ్ ప్రత్యేక వామప్ జెర్సీలన్నిటినీ ఎత్తేసింది. అమెరికా మహిళా ఫుట్‌బాలర్ జేలీన్ హింకిల్ 2017లో జాతీయ జట్టు పిలుపునే వదులుకుంది, ఆ మ్యాచ్‌ల జెర్సీ మీద అంకెలు ఆ రంగుల్లో ఉన్నందుకు.

అన్నిటికన్నా చెప్పుకోవాల్సింది సిడ్నీలో మ్యాన్లీ రగ్బీ లీగ్ జట్టు సంగతి. 2022 జులైలో ఏడుగురు ఆటగాళ్లు ఆ రంగుల జెర్సీ వేసుకోబోమని మ్యాచ్‌కు దూరమయ్యారు. జట్టు 20-10తో ఓడింది. ఆ జెర్సీ వస్తోందని వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పనే లేదు, అడగలేదు. కోచ్ డెస్ హాస్లర్ మీడియా ముందు ఆ ఏడుగురికీ క్షమాపణ చెప్పాడు, గే సమాజానికీ చెప్పాడు. రగ్బీ లీగ్‌లో మొదటిసారి 1995లో తాను గే అని చెప్పిన ఇయాన్ రాబర్ట్స్ ఆడింది కూడా ఈ మ్యాన్లీకే. అలాంటి క్లబ్బులో, జెర్సీ కుట్టించే ముందు ఆ కుర్రాళ్లను కూర్చోబెట్టి రాబర్ట్స్‌తో ఒక పూట మాట్లాడించి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనస్సాక్షి ఒప్పుకోనిది ఒకరి ఒంటిమీద బలవంతంగా వేయడం నాకు ఇష్టం లేదు. హషీమ్ ఆమ్లా బీరు కంపెనీ లోగో లేని చొక్కాతో దక్షిణాఫ్రికాకు ఆడాడు. న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు సోనీ బిల్ విలియమ్స్ వడ్డీ వ్యాపారమని జెర్సీ మీది బ్యాంకు పేరును కప్పేశాడు. ఎవరూ చిన్నబోలేదు. అయితే లోగోకీ మనిషికీ తేడా ఉంది. బీరు కంపెనీని కాదంటే డ్రెస్సింగ్ రూమ్‌లో పక్క బెంచీ మీద కూర్చున్నవాడి గుండె అదరదు. ఈ పట్టీ కాదంటే, ఇంకా ఎవరికీ చెప్పుకోని ఒకడు అదే గదిలో ఉంటే, వాడికి ఒక జవాబు అందిపోతుంది. మ్యాన్లీ కుర్రాళ్ల సొంత మైదానానికి అప్పట్లో ఒక బీరు కంపెనీ పేరే ఉండేది. త్రాగుబోతులు కూడా ఆ వచనంలో ఉన్నారు. ఒక్క మాట దగ్గరే మనస్సాక్షి మేలుకుంటే, అది వాక్యం వల్లా, అలవాటు వల్లా అని ఎవరికి వాళ్లు ప్రశ్నించుకోవాలి. పట్టీ కట్టుకోనివాడు ఆ సాయంత్రమే జట్టువాళ్లతో, నేను ఇది కట్టుకోను, కానీ మీలో ఎవరికైనా నాతో ఏదైనా చెప్పాలనుంటే రండి, అది నా దగ్గరే ఉంటుంది అంటే చాలా మారుతుంది.

అదే వాక్యం, ఇరవై ఆరేళ్ల ముందు

ఇప్పటిదాకా విశ్వాసులు ఒకవైపు, గే ఆటగాళ్లు ఇంకోవైపు అన్నట్టు రాసుకొచ్చాను. అదే పెద్ద పొరపాటు. జేసన్ కాలిన్స్ అమ్మానాన్నలు సండే స్కూల్ టీచర్లు. యేసు బోధలను, ముఖ్యంగా సహనం గురించి చెప్పినవాటిని మనసుకు పట్టించుకుంటానని ఆ వ్యాసంలోనే రాశాడు. అతన్ని క్రైస్తవుడు కాదన్న టీవీ మాటకు ముందే అతను తన విశ్వాసం చెప్పుకున్నాడు.

జస్టిన్ ఫాషనూ కథ ఇంకా బరువైంది. 1981లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ పది లక్షల పౌండ్లకు కొన్న కుర్రాడు. ఇంగ్లండ్‌లో నల్లజాతి ఆటగాడికి అంత ధర పలకడం అదే మొదటిసారి. అతను తిరిగి జన్మించిన క్రైస్తవుడు, మా సంఘాల్లో అనే అర్థంలోనే. 1990 అక్టోబర్‌లో తాను గే అని ఒక దినపత్రికలో చెప్పాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతూ అలా చెప్పిన మొదటివాడు. సొంత తమ్ముడే అందరి ముందూ కాదన్నాడు. 1998లో అమెరికాలో అతని మీద ఒక లైంగిక దాడి ఆరోపణ వచ్చింది. అది ఇద్దరి ఇష్టంతో జరిగిందని ఉత్తరం రాసి, ఆ మే నెలలో ప్రాణం తీసుకున్నాడు. 37 ఏళ్లు. ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. నేను ప్రేమించే యేసు నన్ను ఇంటికి చేర్చుకుంటాడని ఆశిస్తున్నాను.

నేను ప్రేమించే యేసు. 2024లో గ్వేహి పట్టీ మీద రాసింది కూడా ఆ మాటే. గ్వేహి దాన్ని ద్వేషంతో రాయలేదని నేను నమ్ముతాను. కానీ గే ఆటగాళ్ల కోసం పెట్టిన పట్టీ మీద అది ఎదురు జవాబులా కనిపించింది, చూసినవాళ్లు చాలామంది అలాగే చదివారు. ఆ కుర్రాడికి నేను చెప్పాల్సింది ఇదే. గ్వేహి రాసింది తప్పు మాట కాదు. ఆ మాట ఆ పట్టీ కట్టుకునేవాళ్లకు అప్పటికే తెలుసు. వాళ్లలో మొదటివాడు చనిపోయేముందు రాసుకున్న మాట అది.

మన గ్రౌండ్‌లో

ఇదంతా ఇంగ్లండ్, అమెరికా సంగతి కదా అంటారు. 2019 మేలో, ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పి, అలా చెప్పిన మొదటి భారత క్రీడాకారిణి అయిన ద్యుతీ చంద్ ఒడిశా బిడ్డే అయినా, పరుగు దిద్దుకుంది హైదరాబాద్‌లో, కోచ్ నాగపురి రమేష్ దగ్గర. ఆమె చెప్పడానికి ధైర్యమిచ్చింది 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద ఇచ్చిన తీర్పు. ఇంట్లోవాళ్లే ఎదురుతిరిగారు. స్వలింగ వివాహాల కోసం సుప్రీంకోర్టుకెళ్లిన సుప్రియో, అభయ్‌లదీ హైదరాబాదే. 2023 అక్టోబర్ 17న కోర్టు వాళ్లకు ఆ హక్కు ఇవ్వలేదు.

మా సంఘాల గురించి ఒక సంగతి చెప్పాలి, చెప్పడం సులువు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాడు. అందుకే మా బస్తీల్లో ఎంతోమందికి చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ఆఫీసులో ఎవరైనా ఆదివారం ఎక్కడికెళ్తావని అడిగితే ఒక్క క్షణం ఆగి, మొహం చూసి, జవాబు వెతుక్కుంటాం. ఆ ఒక్క క్షణం ఎలా ఉంటుందో మాకు తెలుసు. 2025 అక్టోబర్‌లో జెమీమా రోడ్రిగ్స్ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 కొట్టి, కన్నీళ్లతో యేసుకు కృతజ్ఞత చెప్పినప్పుడు ఆన్‌లైన్‌లో ఆమెను తిట్టినవాళ్లను చూసి మా ఇంట్లో అందరికీ కడుపు రగిలింది. తాను ఎవరో చెప్పుకున్నందుకు మాటలు పడటం మాకు కొత్త కాదు. మరి మా మధ్యలో ఇంకోరకంగా ఆ క్షణాన్ని రోజూ మోస్తున్నవాడు మాకు ఎందుకు కనిపించడో నాకు అర్థం కాలేదు, చాలాకాలం.

అర్థం కావడానికి ఒక మాట సాయపడింది. ఆ డిసెంబర్ ఆదివారం నేను విజిల్ ఊదిన ఐదు నిమిషాలకే, బంతి వదిలేసినవాడి మీద డిఫెండర్ అరిచాడు. "అరె ఆడంగోడా, కాలు పెట్టురా!" అందరూ నవ్వారు. రోజూ అనేదే. తేడాగాడు, పాయింట్ ఫైవ్, ఆడంగోడు. నాకు మాత్రం ఆ రోజు పౌలు జాబితా గుర్తొచ్చింది. 'ఆడంగితనముగలవారు'. గ్రీకులో 'మెత్తనివాళ్లు'. మన బైబిల్లోని మాట, మన గ్రౌండ్‌లోని తిట్టు ఒక్కటే. ఒక కుర్రాడు పొద్దున చర్చిలో విన్న మాటే పది గంటలకు గ్రౌండ్‌లో వింటాడు. చర్చిలో పాపం, గ్రౌండ్‌లో చేతకానితనం. రెండుచోట్లా వాడికి దారి మూసుకుపోతుంది. ఆ అరిచినవాడికి గేల మీద ద్వేషమేమీ లేదు, వాడికి వాళ్ల గురించి ఏమీ తెలియదు కూడా. ఆస్ట్రేలియాలో టీనేజ్ రగ్బీ ఆటగాళ్ల మీద మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే. ఇలాంటి తిట్లు మనసులోని ద్వేషం కంటే, పక్కవాళ్లంతా అంటున్నారు కాబట్టి మనమూ అనాలన్న అలవాటు వల్లే ఎక్కువగా వస్తాయి. అలవాటైతే మాన్పించొచ్చు. సిద్ధాంతం తేలేదాకా ఆగక్కర్లేదు. దూషకులు అన్న మాట ఆ వచనంలో ఎలాగూ ఉంది, ఏ సంఘం పాస్టర్ అయినా కాదనడు.

మా టీమ్‌లో ఒకప్పుడు ఒక కుడివైపు వింగర్ ఉండేవాడు. సన్నగా, బంతి కాలికి అతుక్కున్నట్టు పరుగెత్తేవాడు. ప్రార్థనలో ఎప్పుడూ నా పక్కనే నిలబడేవాడు, అతని చెయ్యి ఎప్పుడూ నా ఎడమ భుజం మీదే. అతని నడక గురించి ఒకరోజు ఎవరో ఆ మాట అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీమ్‌లో పెద్దవాణ్ణి అప్పటికి నేనే. ఆ తర్వాత రెండు మూడు ఆదివారాలు వచ్చాడు, తర్వాత రాలేదు. ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లాడని తెలిసింది. ఎందుకు మానేశాడని ఎవరూ అడగలేదు, నేను కూడా.

పోయిన నెల నంబరు సంపాదించి ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టి "వందనాలన్నా" అన్నాడు. గోల్ పోస్టులకు వల కట్టించారా అని అడిగాడు. చర్చికి వెళ్తున్నావా అంటే, అక్కడ ఒక చిన్న సంఘం ఉందన్నా, వెనక వరసలో కూర్చుంటాను అన్నాడు. కాసేపు ఆటల గురించి, వాళ్ల అమ్మ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. చివరికి ఎలాగో నోరు పెగుల్చుకుని, ఆ రోజు గ్రౌండ్‌లో నేను నవ్వినందుకు క్షమించమని అడిగాను.

అవతల కొంచెంసేపు మాట లేదు.

"ఏ రోజు గురించన్నా?" అన్నాడు.